సిగ్గు చాటున ఒక శరీరధర్మం

మా బంధువర్గంలో ఒక పెద్దాయన ఉన్నారు. చిన్నా పెద్దా అందరం ఆయనను చాచా అనే పిలుస్తాం. డెబ్బయ్యో ఏడు దాటిన మనిషి. నాకు ఊహ తెలిసిన నాటినుంచి ఫజ్ర్ నమాజులో మొదటి వరుస ఆయనది. అటువంటి వారు గత సంవత్సరం మస్జిదుకు రావడం తగ్గించారు. మొదట ఇషా మానుకున్నారు. తరువాత ఫజ్ర్ కూడా. చివరకు జుమా నమాజుకు మాత్రం వచ్చి, అందరికంటే వెనుక, తలుపు పక్కన నిలబడేవారు. మోకాళ్ల నొప్పులు కాబోలని అందరం అనుకున్నాం.

ఒక సాయంత్రం ఇంటికి వెళ్లి పలకరించినప్పుడు, గదిలో మరెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. "వుజూ నిలవడం లేదు బేటా. రెండు రకాతులు పూర్తయ్యేలోపే గాలి పోతున్నది. వరుసలోంచి వెళ్లిపోదామంటే సిగ్గు. వెళ్లకుండా నిలబడదామంటే అల్లాహ్ భయం. ఈ వయసులో నాకు ఈ పరీక్ష ఏమిటో!"

ఆ మాట ఆయన కొడుకుతో అనలేదు. చక్కెర వ్యాధికి నెలనెలా చూపించుకునే వైద్యునితోనూ అనలేదు. ఆయనను ఒప్పించి వైద్యుని వద్దకు తీసుకువెళ్లడానికి నాకు రెండు వారాలు పట్టింది. అక్కడ ఏం జరిగిందో తరువాత చెబుతాను. ఇటువంటి బాధను మనసులోనే దాచుకున్నవారు మన ఇళ్లలో ఎందరో ఉంటారు. అపానవాయువు అనగానే నవ్వడమో, ముఖం తిప్పుకోవడమో మనకు అలవాటు. కాని వుజూతోనూ నమాజుతోనూ ముడిపడి ఉన్న ఈ శరీరధర్మం గురించి సరైన అవగాహన మనకు ఇతరులకంటే ఎక్కువ అవసరం.

వాయువు ఎక్కడినుంచి వస్తుంది?

మన ప్రేగులలోని వాయువుకు ప్రధానంగా మూడు మూలాలు ఉన్నాయి.

మొదటిది మనం మింగే గాలి. తినేటప్పుడు, తాగేటప్పుడు, చివరకు ఉమ్మి మింగేటప్పుడు కూడా కొంత గాలి లోనికి పోతుంది. గబగబా తినేవారు, తింటూ మాట్లాడేవారు, చూయింగ్ గమ్ నమిలేవారు, పొగ తాగేవారు, వదులైన కట్టుడు పళ్లు పెట్టుకున్నవారు మరింత గాలి మింగుతారు. ఇందులో అధికభాగం తేన్పుల రూపంలో పైకే వచ్చేస్తుంది. మిగిలినది ప్రేగులలోకి జారుతుంది.

రెండవది రసాయనిక చర్య. జీర్ణాశయంలోని ఆమ్లం చిన్నప్రేగు మొదటి భాగంలోకి దిగినప్పుడు, అక్కడి క్షారం దానిని శాంతపరుస్తుంది. ఆ చర్యలో కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అయితే ఇది చాలావరకు రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, పెద్దప్రేగులో నివసించే సూక్ష్మజీవుల పని. సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవుండే పెద్దప్రేగులో లక్షల కోట్ల బాక్టీరియాలు ఉంటాయి. చిన్నప్రేగులో జీర్ణం కాకుండా మిగిలిన పిండిపదార్థాలు, పీచు వీటికి ఆహారం. అక్కడ ప్రాణవాయువు దాదాపు ఉండదు. కనుక అవి ఆహారాన్ని పులియబెట్టి బతుకుతాయి. రాత్రి కలిపి ఉంచిన ఇడ్లీ పిండి తెల్లవారేసరికి పొంగినట్లే, ఇక్కడా పులియడంవల్ల హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వెలువడతాయి. కొందరి ప్రేగులలో మరొక జాతి సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను తీసుకుని మీథేన్‌గా మారుస్తాయి. నాలుగు పాళ్ల హైడ్రోజన్, ఒక పాలు కార్బన్ డయాక్సైడ్ కలిసి ఒక పాలు మీథేన్ అవుతుంది. అంటే అయిదు పాళ్ల వాయువు ఒక పాలుకు తగ్గిపోతుంది.

పులియడం వృథాగా జరిగే పని కాదు. వాయువుతోపాటు బ్యూటిరేట్ వంటి కొవ్వు ఆమ్లాలు కూడా అక్కడ తయారవుతాయి. పెద్దప్రేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన శక్తి లభించేది వాటినుంచే. మనం అసహ్యించుకునే వాయువు, మన ప్రేగులను పోషించే పనిలో వచ్చే ఉపఉత్పత్తి మాత్రమే. పొట్ట శస్త్రచికిత్స జరిగిన రోగిని వైద్యులు "గాలి పోయిందా?" అని అడగడం మీరు వినే ఉంటారు. శస్త్రచికిత్స తరువాత ప్రేగులు కొంతకాలం కదలడం మానేస్తాయి. గాలి పోయిందంటే అవి తిరిగి పని మొదలుపెట్టాయని గుర్తు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మనం సిగ్గుపడే విషయం కోసం ఆ రోజు ఇంటిల్లిపాదీ దుఆ చేస్తూ ఎదురుచూస్తారు.

శనగలు, పాలు, గోధుమలు

పప్పుధాన్యాలు వాయువును పెంచుతాయని అందరికీ తెలుసు. కారణం మాత్రం కొద్దిమందికే తెలుసు. శనగలు, రాజ్మా, బొబ్బర్లు, ఉలవలు వంటి గింజలలో రాఫినోస్, స్టాకియోస్ అనే చక్కెరలు ఉంటాయి. వీటిని విడగొట్టే ఎంజైము మానవుని చిన్నప్రేగులో లేదు. కనుక అవి చెక్కుచెదరకుండా పెద్దప్రేగును చేరి, అక్కడి బాక్టీరియాలకు విందు అవుతాయి. గోధుమ, ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు అనే పదార్థాల సంగతి కూడా ఇంతే. గోధుమ, పప్పులు, ఉల్లి అన్నీ కలిసిన హలీం, శనగపప్పుతో చేసిన దాల్చా తిన్న రాత్రి పొట్టలో సందడి ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

పాల విషయం వేరు. పాలలోని లాక్టోస్ అనే చక్కెరను జీర్ణం చేసే ఎంజైము పసిబిడ్డలలో పుష్కలంగా ఉంటుంది. పాలు మరిచిన తరువాత ప్రపంచ జనాభాలో చాలామందికి అది క్రమంగా తగ్గిపోతుంది. దక్షిణ భారతంలోనూ ఇది సర్వసాధారణం. ఇది వ్యాధి కాదు. ఒకసారి ఒక గ్లాసు పాలు తట్టుకోగలిగినవారే, రోజంతా పాలు, చాయ్, షీర్ ఖుర్మా కలిసేసరికి ఇబ్బంది పడతారు. పెరుగులో లాక్టోస్ కొంత తగ్గి ఉంటుంది. మిగిలినదానిని జీర్ణం చేయడంలో పెరుగులోని బాక్టీరియాలే తోడ్పడతాయి. అందువల్ల పాలు పడనివారిలో చాలామందికి పెరుగు పడుతుంది.

అమెరికాలో మైఖేల్ లెవిట్ అనే వైద్యుడు ప్రేగుల వాయువుమీద దశాబ్దాలపాటు పరిశోధనలు చేశారు. 1976లో ఆయన బృందం ఒక వైద్య పత్రికలో ఒక యువకుని ఉదంతాన్ని ప్రచురించింది. అతనికి రోజుకు సగటున 34 సార్లు గాలి పోయేది. అతడు సిగ్గుపడి దాచుకోలేదు. ఏం తిన్నాడో, ఎన్నిసార్లు గాలి పోయిందో ఓపికగా రాసిపెట్టుకున్నాడు. ఆ లెక్కలే వైద్యులకు దారి చూపాయి. అతని శరీరం పాలలోని లాక్టోస్‌ను జీర్ణం చేసుకోలేకపోతున్నదని తేలింది.

ఎంత? ఎన్నిసార్లు?

"నాకు అందరికంటే ఎక్కువ" అనేది చాలామంది అనుమానం. దీనిని కొలిచి చూసినవారు ఉన్నారు. 1991లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు ఆరోగ్యవంతులైన పదిమందికి రోజువారీ ఆహారంతోపాటు 200 గ్రాముల ఉడికించిన చిక్కుడుజాతి గింజలు ఇచ్చి, 24 గంటలలో వెలువడిన వాయువును సేకరించారు. ఒకరికి 476 మిల్లీలీటర్లు ఉంటే, మరొకరికి 1,491 మిల్లీలీటర్లు వచ్చింది. మధ్యస్థంగా 705 మిల్లీలీటర్లు. స్త్రీ పురుషులమధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పీచు బొత్తిగా లేని ఆహారం ఇచ్చినప్పుడు ఆ పరిమాణం సుమారు 200 మిల్లీలీటర్లకు పడిపోయింది. వాయువులో అధికభాగం మనం తినేదానినుంచే పుడుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

ఇక లెక్కకు వస్తే, సాధారణంగా రోజుకు 8 నుంచి 14 సార్లు గాలి పోతుంది. 25 సార్ల వరకు కూడా అది ఆరోగ్య పరిధిలోనిదేనని వైద్యులు అంటారు.

వాసన సంగతి ఇంకా ఆశ్చర్యకరం. నైట్రోజన్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్, మీథేన్ అనే అయిదు వాయువులే మొత్తంలో 99 శాతానికి పైగా ఉంటాయి. ఈ అయిదింటికీ వాసన లేదు. దుర్గంధానికి కారణం మిగిలిన ఒక శాతంలోపు భాగం, అందులోనూ ప్రధానంగా గంధకం కలిసిన హైడ్రోజన్ సల్ఫైడ్. గుడ్లు, మాంసం, వెల్లుల్లి, క్యాబేజీ వంటివాటిలో గంధకం ఉంటుంది. కనుక పప్పు తిన్నవారికి గాలి ఎక్కువై వాసన తక్కువగా ఉండవచ్చు, మాంసాహారం అధికంగా తిన్నవారికి గాలి తక్కువై వాసన ఎక్కువగా ఉండవచ్చు.

ఉబ్బరమంటే గాలి నిండడమేనా?

పొట్ట ఉబ్బినట్లు అనిపించగానే లోపల గాలి నిండిపోయిందని అనుకుంటాం. 1975లో లెవిట్ బృందమే దీనిని పరీక్షించింది. ఉబ్బరం, నొప్పితో బాధపడేవారి ప్రేగులలోని వాయువును, ఏ బాధా లేనివారి వాయువును కొలిచి పోల్చారు. రెండు వర్గాలకూ పరిమాణంలో తేడా కనిపించలేదు. తేడా ఉన్నది వాయువు కదిలే తీరులోనూ, ప్రేగుల సున్నితత్వంలోనూ. మామూలు పరిమాణంలో ఉన్న వాయువు కూడా కొందరికి నొప్పిగా అనిపిస్తుంది. దిగులు, నిద్రలేమి ఈ సున్నితత్వాన్ని పెంచుతాయి. మలబద్ధకం ఉంటే వాయువు కదలిక మందగిస్తుంది.

ఇక్కడ మన ఇళ్లలోని రెండు పొరపాట్లను సవరించుకోవాలి. ఒకటి, "గ్యాస్ మాత్ర" అని ఉదయాన్నే వేసుకునే మాత్ర చాలావరకు ఆమ్లాన్ని తగ్గించే మందు. ఛాతీలో మంటకు అది పనిచేస్తుంది. పెద్దప్రేగులో పులిసి పుట్టే వాయువును మాత్రం అది తగ్గించదు. రెండవది, సోడా తాగగానే పెద్ద తేన్పు వస్తే లోపలి గ్యాస్ పోయిందని సంతోషిస్తాం. నిజానికి ఆ వాయువు సోడాతోపాటు మనమే లోనికి పోసుకున్నది.

ఉమ్రాకో హజ్‌కో విమానంలో వెళ్లేవారికి మరొక మాట. ఎగురుతున్న విమానంలోని వాయుపీడనం నేలమీద ఉన్నంత ఉండదు. దాదాపు 8,000 అడుగుల కొండమీద ఉన్నంతకు తగ్గవచ్చు. పీడనం తగ్గితే వాయువు వ్యాకోచిస్తుంది. పొట్టలోని గాలి మూడవ వంతు వరకు పెరిగినట్లవుతుంది. ప్రయాణానికి ముందు పప్పుగింజలు, కూల్‌డ్రింకులు మానడం, విమానంలో అప్పుడప్పుడు లేచి నడవడం మేలు.

చాచా మాత్రల డబ్బా

ఇప్పుడు చాచా విషయానికి వస్తాను. వైద్యుడు ఆయన మాట అంతా విని నవ్వలేదు, ముఖం చిట్లించలేదు. "ఇది ఎప్పటినుంచి?" అని అడిగి, మాత్రల డబ్బా చూపించమన్నారు. చక్కెర వ్యాధికి గత సంవత్సరం ఒక కొత్త మాత్ర చేర్చి ఉన్నారు. అది భోజనంలోని పిండిపదార్థం త్వరగా జీర్ణం కాకుండా ఆపే రకం. అకార్బోస్, వోగ్లిబోస్ ఈ కోవలోనివి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఇవి కాపాడతాయి. కాని జీర్ణం కాని పిండిపదార్థం పెద్దప్రేగుకు చేరితే ఏమవుతుందో మనం పైన చూశాం. చక్కెర వ్యాధికి విస్తృతంగా వాడే మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి పొట్టలో ఇటువంటి ఇబ్బంది కలిగిస్తుంది.

దానికితోడు చాచాకు రోజుకు అయిదారు కప్పుల పాల చాయ్ అలవాటు. పైదవడ పళ్లసెట్టు వదులైంది. వైద్యుడు మాత్ర మార్చారు, చాయ్ రెండు కప్పులకు తగ్గించమన్నారు, పళ్లసెట్టు సరిచేయించుకోమన్నారు. ఏ పరీక్షకూ రాయలేదు. ఆరోగ్య కారణంతో వచ్చిన బాధను తన ఈమాన్ లోపంగా భావించి ఆయన నెలల తరబడి కుమిలిపోయారు. పాఠకులకు ఒక విజ్ఞప్తి. ఇది చదివి ఎవరూ తమంతట తాము మాత్రలు మానవద్దు. మార్చవలసింది వైద్యుడే. మనం చేయవలసింది దాచకుండా చెప్పడం.

వంటింటిలో, దస్తర్‌ఖాన్ మీద

శనగలు, రాజ్మా, బొబ్బర్లు రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో మెత్తగా ఉడికించండి. వాయువును పెంచే చక్కెరలలో కొంత భాగం నానిన నీటిలోకి దిగిపోతుంది. మొలకెత్తిస్తే ఇంకా మంచిది, మొలక తన ఎదుగుదలకు ఆ చక్కెరలనే వాడుకుంటుంది. పప్పులు బొత్తిగా మానుకోవడం తెలివైన పని కాదు. వాటిలోని మాంసకృత్తులు, పీచు మనకు అవసరం. కొద్దికొద్దిగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే చాలామందికి అలవాటు పడతాయి. ఇంగువ, వాము, జీలకర్ర, సోంపు మన పెద్దల అనుభవం నేర్పినవి. వంటలో వేసే మోతాదులో వాటివల్ల హాని లేదు. కాని అవే సర్వరోగ నివారిణి అనుకోవద్దు.

రమజాన్ మాసంలో మరికొంత జాగ్రత్త అవసరం. పగలంతా ఖాళీగా ఉన్న పొట్టలోకి ఇఫ్తార్ వేళ పది నిమిషాలలో ఖర్జూరాలు, షర్బత్, గుగ్గిళ్లు, పకోడీలు, ఆపై హలీం చేరితే, మగ్రిబ్ కంటే తరావీహ్ కష్టమవుతుంది. ఖర్జూరం, నీటితో ఉపవాసం విరమించి, మగ్రిబ్ నమాజు తరువాత నెమ్మదిగా, బాగా నమిలి భోజనం చేస్తే పొట్టకూ మేలు, నమాజుకూ మేలు. కడుపులో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు శ్వాసకు వదలడం చాలునన్న దైవప్రవక్త (సఅసం) బోధను మనం పిల్లలకు చెబుతుంటాం. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడే అది మనకూ గుర్తుకు రావాలి.

భోజనం తరువాత కాస్త నడవడం వాయువు కదలికకు సహాయపడుతుంది. ఎప్పుడు, ఏం తింటే బాధ పెరుగుతున్నదో రెండు వారాలపాటు ఒక పుస్తకంలో రాసుకుంటే, మీ శత్రువు పాలో, ఉల్లో, గోధుమో మీకే తెలుస్తుంది.

సందేహంలో చిక్కుకోవద్దు

వాయువు పోతే వుజూ భంగమవుతుందన్నది అందరికీ తెలిసిన ఆదేశం. దానిని పక్కనపెట్టే మాట ఇక్కడ లేదు. అయితే కడుపులో గుడగుడ వినిపించినంత మాత్రాన, ఏదో కదిలినట్లు అనిపించినంత మాత్రాన వుజూ పోదు. శబ్దం వల్లనో వాసన వల్లనో నిశ్చయం కలిగేదాకా నమాజు విడిచి వెళ్లవద్దని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ప్రేగులలో గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుందని శరీరశాస్త్రం కూడా చెబుతున్నది. ఆ కదలికకూ బయటికి పోవడానికీ తేడా ఉంది. సందేహం వచ్చిన ప్రతిసారీ వుజూకు పరుగెత్తేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే వారి ఆరాధన తేలికవుతుంది.

గాలిని బలవంతంగా బిగబట్టి నమాజు చేయడం కూడా అభిలషణీయం కాదు. ముందుగా మరుగుదొడ్డికి వెళ్లి వచ్చి, తాజాగా వుజూ చేసుకుంటే మనసు నిలుస్తుంది. వ్యాధివల్ల ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నమాజు పూర్తిచేసేంత వ్యవధి కూడా దొరకనివారికి షరీఅత్‌లో ప్రత్యేక వెసులుబాటు ఉంది. వివరాలు మీకు దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. అడగడానికి సిగ్గుపడి నమాజునే వదులుకోవడం సరికాదు.

మిగిలినవారి బాధ్యత ఒకటి ఉంది. ఎవరికైనా గాలి పోయినప్పుడు నవ్వడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. తానూ చేసే పనికి ఎదుటివానిని చూసి నవ్వడం ఎందుకని ఆయన ప్రశ్నించారు. పిల్లలు నవ్వితే మందలించేది పెద్దలే. పెద్దలే ముసిముసిగా నవ్వితే మందలించేది ఎవరు? వరుసలోంచి ఒక మనిషి తప్పుకుని వెళ్తుంటే, అతడు అల్లాహ్‌కు భయపడి వెళ్తున్నాడని గ్రహించి చూపు దించుకోవడం మన మర్యాద.

ఇక్కడ ఆలస్యం తగదు

ఇంతవరకు చెప్పినది ప్రమాదం లేని విషయం. కాని కొన్ని సందర్భాలలో "గ్యాసే కదా" అన్న మాట ప్రాణం తీస్తుంది. ఛాతీలోనో, పొట్ట పైభాగంలోనో బిగుతుగా నొప్పి, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే అది గుండెపోటు కావచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారికి, స్త్రీలకు ఈ లక్షణాలు అస్పష్టంగా కూడా ఉండవచ్చు. సోడా తాగించి, వాము నమిలించి చూద్దామని గంటలు గడపవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

పొట్ట బిగుసుకుని ఉబ్బి, వాంతులవుతూ, గాలీ మలమూ రెండూ ఆగిపోతే ప్రేగులు మూసుకుపోయి ఉండవచ్చు. అదీ అత్యవసర పరిస్థితే. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నడివయసు తరువాత మలవిసర్జన అలవాటు ఉన్నట్లుండి మారి అలాగే కొనసాగడం వంటివి కనిపిస్తే వారాల తరబడి ఇంటివైద్యంతో గడపకుండా వైద్యుని చూడాలి.

చాచా మళ్లీ మస్జిదుకు వస్తున్నారు. బాధ పూర్తిగా పోలేదు. మొన్న ఒక ఇషా నమాజులో, మూడవ రకాతులో, ఆయన నెమ్మదిగా వరుస దాటి వుజూ కొళాయిల వైపు నడిచారు. పక్కనున్న యువకుడు ఒక అడుగు జరిగి ఖాళీ పూడ్చాడు. సలాం తరువాత ఎవరూ ఏమీ అడగలేదు. చాచా వెనుక వరుసలో తన నమాజు పూర్తిచేసుకుని, మామూలుగా అందరితో కరచాలనం చేసి, చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్లారు. మరునాడు ఫజ్ర్‌కు మొదటి వరుసలోనే ఉన్నారు.